డాక్టర్లకు అంత ఆదాయం న్యాయమేనా? వాళ్ల మీద పన్ను ఎక్కువ వేయాలా?

వేపచెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న. డాక్టర్లకు వచ్చే ఆదాయం న్యాయమైనదేనా? న్యాయమైనదే అనుకుంటే, అందులోంచి వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ పన్ను కట్టాలా?

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. మంచి జీతం ఇవ్వాలి, పన్నూ ఎక్కువ వేయాలి. సమానంగా సంపాదించే బట్టల వ్యాపారి, డాక్టరు ఇద్దరూ ఉంటే డాక్టరు కొంత ఎక్కువ కట్టాలంటాను. బట్టలు కొనేవాడు ధర నచ్చకపోతే దుకాణం దిగి వెళ్లిపోతాడు. ఛాతీ పట్టుకుని వచ్చినవాడు ఎక్కడికి పోతాడు? ఏ పరీక్ష కావాలో చెప్పేది డాక్టరే, చేయించేది డాక్టరే, డబ్బు వెళ్లేదీ ఆ వైపుకే. కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికవేత్త 1963లోనే దీని గురించి వివరంగా రాశాడు. జబ్బు గురించి డాక్టరుకు తెలిసినదానికీ రోగికి తెలిసినదానికీ అంత తేడా ఉన్నప్పుడు మామూలు సరుకుల మార్కెట్ లాగా వైద్యం నడవదని ఆయన వాదన. బేరానికి వీల్లేని చోట వచ్చిన డబ్బును మామూలు సంపాదన కింద లెక్కేయడం నాకు సబబుగా తోచదు.

పైగా చాలా దేశాల్లో వైద్య విద్యకు అయ్యే ఖర్చులో పెద్ద భాగం జనం కట్టిన పన్నుల్లోంచే వస్తుంది. ఆ బాకీ తీర్చాలి కదా.

మబ్బు

ప్రాణం నిలబెట్టే మనిషికి ఎంతిచ్చినా తక్కువే. ఇందులో చర్చ ఏముంది?

రాత్రిడ్యూటీ

నేను డాక్టర్ని, జనరల్ సర్జరీ. ఊరుకోలేక రాస్తున్నాను.

నాతోపాటు స్కూల్లో చదివినవాళ్లు ఉద్యోగాల్లో చేరి, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని బడికి పంపుతున్న రోజుల్లో నేనింకా పరీక్షలు రాస్తున్నాను. ఎంబీబీఎస్, తర్వాత పీజీ, ఆ తర్వాత సీనియర్ చేతి కింద పని. చెప్పుకోదగ్గ జీతం చేతికొచ్చేసరికి ముప్పై దాటింది. ఆ లోపు పోయిన సంవత్సరాలు ఎవరి ఖాతాలో వేస్తారు?

ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో ఒక్కో పనికి ఒక్కో కూలి ఎందుకుంటుందో చెబుతూ, నేర్చుకోవడానికి పట్టే కష్టం, ఖర్చు ఒక కారణమన్నాడు. మోయాల్సిన నమ్మకం ఇంకో కారణమన్నాడు, దానికి ఉదాహరణగా వైద్యుణ్ణే చూపించాడు. మన ఆరోగ్యం చేతిలో పెట్టేవాళ్లను హీనస్థితిలో ఉంచలేమని ఆయనకు అప్పుడే తెలుసు.

పని గంటల సంగతి కూడా వినండి. న్యూయార్క్‌లో 1984లో లిబ్బీ జయాన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఆస్పత్రిలో చేరిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. జూనియర్ డాక్టర్లు నిద్ర లేకుండా ఎంతసేపు పనిచేస్తున్నారన్నది ఆ కేసుతో బయటికొచ్చింది. ఆ రాష్ట్రం మొదట, 2003 నుంచి అమెరికా మొత్తం, వారానికి 80 గంటలు దాటకూడదని నియమం తెచ్చాయి. ఆ 80 తగ్గించాక వచ్చిన అంకె అని గమనించండి.

ఇక పన్ను. ఆదాయం ఎక్కువైతే పై స్లాబులో పడతాను, కడతాను. దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నాతో సమానంగా సంపాదించే లాయర్ కంటే, సాఫ్ట్‌వేర్ మేనేజర్ కంటే నేను ఎక్కువ కట్టాలి అంటే, అది నా ఆదాయం మీద వేసే పన్ను కాదు, నేను డాక్టరు అయినందుకు వేసే జరిమానా.

సన్నజాజి

జీతం కొంచెం పెరిగి పై స్లాబులో పడితే చేతికొచ్చేది తగ్గిపోతుందని మా బావ అంటాడు. నిజమేనా?

లెక్కలమనిషి

సన్నజాజి గారు, కాదండి. పై స్లాబు రేటు ఆ గీత దాటిన భాగం మీదే పడుతుంది. గీత కింద ఉన్నదానికి పాత రేటే. కొన్నిచోట్ల గీత దాటగానే ఏదో రాయితీ కోల్పోతారు, అప్పుడు దెబ్బ తగులుతుంది, అది వేరే కథ.

అసలు విషయానికి వస్తాను. రాత్రిడ్యూటీ గారు పోయిన సంవత్సరాలు అన్నారు కదా, దానికి పన్నులో స్పష్టమైన లెక్క ఉంది, ఎవరూ పట్టించుకోరు. ఒకాయన ముప్పై ఏళ్లపాటు ఏటా 10 వంతులు సంపాదించాడు. ఇంకొకామె పదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఇరవై ఏళ్లపాటు ఏటా 15 వంతులు సంపాదించింది. జీవితం మొత్తంలో ఇద్దరిదీ 300 వంతులే. 10 దాకా పన్ను లేదు, ఆ పైన 30 శాతం అనుకోండి. మొదటివాడు జీవితాంతం సున్నా కడతాడు. రెండో ఆమె ఏడాదికి ఒకటిన్నర చొప్పున 30 వంతులు కడుతుంది. డాక్టర్ల పరిస్థితి ఇదే. అంటే వాళ్లు ఇప్పటికే ఎక్కువ కడుతున్నారు.

విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1939లోనే దీన్ని సరిచేసే పద్ధతి చెప్పాడు. ఏడాదికి ఏడాది కాకుండా, ఆదాయాన్ని సంవత్సరాల మీద పరిచి సగటు తీసి పన్ను వేయమన్నాడు. అమెరికాలో 1964 నుంచి 1986 దాకా పరిమితంగా అలాంటి సగటు పద్ధతి ఉండేది కూడా. ముందు దాని గురించి మాట్లాడండి.

వేపచెట్టు

లెక్క బాగుంది. కానీ మీ రెండో మనిషి ఇరవై ఏళ్లకే పని ఆపేసిందేం? చాలా ఉద్యోగాల్లో అరవైకి ఇంటికి పంపేస్తారు. డాక్టర్లు డెబ్బై దాటాక కూడా ఓపీ చూస్తారు. ఆ చివరి పదేళ్లు కలపండి, అప్పుడు చూద్దాం.

లెక్కలమనిషి

కలిపినా సూత్రం మారదు. ఆదాయం హెచ్చుతగ్గులుగా వచ్చేవాడు, నిలకడగా వచ్చేవాడి కంటే ఎక్కువ కడతాడు. నా ప్రశ్న అదే.

ఓబులకొండ

బట్టల వ్యాపారి మీద పడ్డారేంటండీ? మా నాన్న బట్టల వ్యాపారే. ఆయనకూ నిద్ర లేదు, అప్పులున్నాయి. ఆయన బాధ్యత తక్కువన్నట్టు మాట్లాడకండి.

వేపచెట్టు

మీ నాన్నగారి మీద తక్కువ పన్ను వేయాలనే నేనన్నది. మళ్లీ చదవండి.

గుమ్మం

అందరూ ఆదాయం వచ్చాక దాన్ని ఎలా పంచాలన్న దగ్గర కొట్టుకుంటున్నారు. అసలు అంత ఆదాయం ఎందుకు వస్తోందో ఎవరూ అడగరేం? గుమ్మం దగ్గర కాపలా ఉంది కాబట్టి.

మిల్టన్ ఫ్రీడ్‌మన్, సైమన్ కుజ్‌నెట్స్ అనే అమెరికన్ ఆర్థికవేత్తలు కలిసి 1945లో ప్రచురించిన అధ్యయనంలో డాక్టర్ల ఆదాయాన్ని దంతవైద్యుల ఆదాయంతో పోల్చారు. ఎక్కువ ఏళ్ల చదువు, ఖర్చు తీసేసినా తేడా మిగిలింది. వృత్తిలోకి వచ్చేవాళ్ల సంఖ్యను కట్టడి చేయడం దానికో కారణమని తేల్చారు. అంతకుముందు 1910లో అక్కడి వైద్య కళాశాలల మీద ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చింది. అమెరికాలో నాసిరకం వైద్య కళాశాలలు మూతపడ్డాయి, మంచిదే. కానీ దాంతోపాటు నల్లజాతి విద్యార్థుల కోసం ఉన్న ఏడు కళాశాలల్లో ఐదు కూడా పోయాయి. అదే దేశంలో 1997లో చేసిన చట్టం, మెడికేర్ (ముఖ్యంగా ముసలివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బుతో నడిచే రెసిడెన్సీ (వైద్య డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ) స్థానాలకు పరిమితి పెట్టింది. జనాభా పెరిగింది, ముసలివాళ్లు పెరిగారు, ఆ గీత మాత్రం ఇరవై ఏళ్లకు పైగా దాదాపు అక్కడే ఉండిపోయింది.

దక్షిణ కొరియా చూడండి. 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఏడాదికి 3,058గా ఉన్న వైద్య సీట్లను మరో 2,000 పెంచుతానంటే, వేలమంది జూనియర్ డాక్టర్లు రాజీనామాలు ఇచ్చి బయటికొచ్చారు. తలుపు తెరుస్తామంటే ఇంత కోపం ఎందుకు?

పన్ను పెంచడం నాకు సరైన మందుగా కనిపించదు. ముందు సీట్లు పెంచండి. ఆదాయాలు వాటంతటవే దారికొస్తాయి.

రాత్రిడ్యూటీ

గుమ్మం గారు, కొరియా డాక్టర్లు చెప్పిన కారణం కూడా రాయాల్సింది. అక్కడ పిల్లల వైద్యం, ప్రసూతి, ఎమర్జెన్సీ విభాగాల్లోకి ఎవరూ రావడం లేదు, ఎందుకంటే చెల్లింపు తక్కువ, కేసుల భయం ఎక్కువ. అది సరిచేయకుండా సీట్లు పెంచితే కొత్తగా వచ్చేవాళ్లు కూడా చర్మ సౌందర్యం వైపే వెళ్తారని వాళ్ల వాదన. నాకు అది సమంజసంగానే ఉంది.

సీట్లంటే కుర్చీలు వేయడం కాదు. నాకు కడుపు కోయడం నేర్పడానికి ఒక సీనియర్ తన చేతి పని ఆపి, నా చేతిని చూస్తూ గంటలు గంటలు నిలబడింది. ఒక్కో మనిషి దగ్గర అలా ఎంతమంది నేర్చుకోగలరు? సంఖ్య పెంచి శిక్షణ పలచన చేస్తే పోయేది నా జీతం కాదు, రోగి ప్రాణం.

గుమ్మం

ప్రతి వృత్తిలోనూ లోపల ఉన్నవాళ్లు నాణ్యత పేరే చెబుతారు.

పాతసభ్యుడు

ఇన్సులిన్ పేటెంట్‌ను 1923లో దాన్ని సాధించినవాళ్లు టొరంటో విశ్వవిద్యాలయానికి తలా ఒక్క డాలరుకు ఇచ్చేశారు. వైద్యం అంటే అది. ఇప్పుడు స్లాబుల గురించి మాట్లాడుకుంటున్నాం.

రాత్రిడ్యూటీ

పాతసభ్యుడు గారు, ఇన్సులిన్ సాధించినవాళ్లలో ఒకడైన బాంటింగ్ అంటే నాకూ గౌరవం. కానీ ఒక పేటెంట్ వదులుకోవడం వేరు, ముప్పై ఏళ్లపాటు ప్రతి రాత్రి లేచి వెళ్లడం వేరు. త్యాగాన్ని జీతాల పట్టికలో అంశంగా పెట్టకండి. క్యూబాలో డాక్టర్లంతా ప్రభుత్వ ఉద్యోగులే, జీతాలు చాలా తక్కువ. అక్కడి నుంచి ఎంతమంది డాక్టర్లు వేరే దేశాలకు వెళ్లిపోయారో చూడండి.

నర్సమ్మకూతురు

ఇంత సేపటి నుంచి చదువుతున్నాను. ఆస్పత్రిలో డాక్టరు తప్ప ఇంకెవరూ లేనట్టే మాట్లాడుతున్నారు అందరూ. మా అమ్మ నర్సుగా రిటైరైంది. రాత్రంతా మంచం పక్కన ఉండేది ఆవిడ. సెలైన్ ఎప్పుడు అయిపోతుందో, ఏ రోగి ఊపిరి మారిందో ముందు కనిపెట్టేది ఆవిడ. డాక్టర్ని నిద్ర లేపాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఆవిడదే. తప్పయితే తిట్లు ఆవిడకు. బాధ్యతకు జీతం అంటున్నారు కదా, ఆ బాధ్యతకు జీతం ఏది?

మబ్బు

నర్సులకూ పెంచాలి. అందరికీ పెంచాలి.

గుమ్మం

అందరికీ పెంచితే ఆ డబ్బు కట్టేది రోగే.

లెక్కలమనిషి

పన్ను పెంచితే ఏమవుతుందో ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. బ్రిటన్‌లో 2016 నుంచి ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పెన్షన్ పొదుపుకి దొరికే పన్ను రాయితీని తగ్గిస్తూ పోయారు. దెబ్బ సీనియర్ డాక్టర్లకు గట్టిగా తగిలింది. అదనపు షిఫ్టు చేస్తే వచ్చే డబ్బు కంటే దానివల్ల పడే పన్ను బిల్లు ఎక్కువయ్యే పరిస్థితి కొందరికి వచ్చింది. వాళ్లు అదనపు షిఫ్టులు మానేశారు, కొందరు ముందే రిటైరయ్యారు. చివరికి 2023 బడ్జెట్‌లో, ఏడాదికి పన్ను రాయితీతో పెన్షన్‌లో దాచుకోగలిగే పరిమితిని 40,000 పౌండ్ల నుంచి 60,000కు పెంచాల్సి వచ్చింది, డాక్టర్లను పనిలో ఉంచడం కోసం అని ప్రభుత్వమే చెప్పింది. అక్కడే లక్ష పౌండ్లు దాటాక 1,25,140 దాకా ఉన్న భాగం మీద, రాయితీ కరిగిపోవడం వల్ల, అసలు రేటు 60 శాతం పడుతుంది.

వేపచెట్టు గారు, ఆపరేషన్ల కోసం ఎదురుచూసే వరస పొడుగైతే మీ అదనపు పన్ను ఎవరికి మేలు చేసినట్టు?

వేపచెట్టు

అంటే పన్ను వేస్తే పని మానేస్తాం అంటారు. టీచరు అలా అనగలదా? మురికి కాలువలో దిగేవాడు అనగలడా? అనలేరు, ఎందుకంటే వాళ్లు మానేస్తే ఇంకొకరు దొరుకుతారు. డాక్టరు అనగలడు. నేను మొదట్లో చెప్పింది ఇదే. ఆ బలం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చింది? మన భయం నుంచి వచ్చింది.

రాత్రిడ్యూటీ

భయం నుంచి వచ్చిందా? నేను రాత్రి మూడింటికి లేచి వెళ్లేది మీ భయాన్ని సొమ్ము చేసుకోవడానికా? ఈ మాట రాసేముందు ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది.

వేపచెట్టు

ఆలోచించే రాశాను. మీరు వినాలంటే చెబుతాను.

మా నాన్న ఐసీయూలో ఉన్నాడు. ఏ ఆస్పత్రో చెప్పను, దానితో పని లేదు. రోజుకొక పెద్ద డాక్టరు వచ్చేవాడు. అద్దం తలుపు అవతల మంచం దగ్గర నిలబడి, ఫైలు తిరగేసి, జూనియర్‌తో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడు. మేం వరండాలో లేచి నిలబడేవాళ్లం. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మమ్మల్ని దాటుకుని పోయేవాడు. ఒక సాయంత్రం అట్ట మీద క్లిప్పు పెట్టిన కాగితాలు తెచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. టేబుల్ లేదు. గోడకు ఆనించి పెట్టాను. పెన్ను గోడ మీద పైకి పట్టుకుంటే సిరా రాదు, మూడో చోట నా పేరు సగమే పడింది. ఏం చేస్తున్నారు, దేనికి అని అడిగితే "సార్ చెబుతారు" అన్నారు. సార్ చెప్పలేదు. తెల్లారేసరికి నాన్న లేడు. ఆయన బతకడని వాళ్లకు తెలుసని నాకు బిల్లు చూశాక అర్థమైంది. అందులో ఆ పెద్ద డాక్టరు చూసివెళ్లిన ప్రతిసారికీ ఒక్కో వరుస ఉంది.

సన్నజాజి

అయ్యో. చాలా బాధగా ఉంది అండి.

రాత్రిడ్యూటీ

మీ నాన్నగారి విషయంలో జరిగింది బాధాకరం. కానీ ఒక్క డాక్టరు ప్రవర్తన పట్టుకుని మొత్తం వృత్తి మీద పన్ను వేయమనడం వాదన అనిపించుకోదు. ఐసీయూలో రోగి పరిస్థితి గంటగంటకీ మారుతుంది, ముందే చెప్పడం అన్నిసార్లూ సాధ్యం కాదు. భావోద్వేగంతో విధానాలు చేయలేం.

వేపచెట్టు

భావోద్వేగమా! అదిగో, అదే గొంతు. వరండాలో విన్న గొంతు అదే. మీరు చదివింది జబ్బుల గురించి, ఎదుటి మనిషి గురించి కాదు. మీకు కడుపు కోయడం నేర్పిన సీనియర్ గురించి రాశారు. ఆ కడుపు ఎవరిది? ఆ మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు. వైద్య కళాశాల ఆస్పత్రికి డబ్బున్నవాడు రాడు. మీ మొదటి కుట్టు, వంకర కుట్టు, పడింది ఎవరో పేదవాడి ఒంటి మీద. సరిగ్గా దొరకని నరం కోసం మీరు నాలుగుసార్లు సూది గుచ్చింది కూడా వాడికే. వాడు చెయ్యి చాపి ఊరుకున్నాడు. మీ చదువుకు ఫీజు మీరు కట్టారేమో, ఆ నొప్పి వాడు కట్టాడు. నేను అడుగుతున్న పన్ను దానికి.

ఓబులకొండ

కొంచెం నెమ్మదిగా మాట్లాడండి ఇద్దరూ.

నిర్వాహకులు

వ్యక్తిగతంగా వద్దు. విషయం మీద ఉంటేనే చర్చ తెరిచి ఉంచుతాం.

రాత్రిడ్యూటీ

నిర్వాహకులకు నమస్కారం. నేను విషయం మీదే రాస్తున్నాను, ఎందుకంటే ఇప్పుడు గానీ అసలు విషయం బయటపడలేదు.

మొదటి కుట్టు నాకు గుర్తుంది. అరచేతి కింద తెగిన గాయం. ఆయన చెయ్యి వణకలేదు, నాదే వణికింది. "కానివ్వు బాబూ" అన్నాడు. కాబట్టి ఆ మనిషి సంగతి నాకు తెలియదని మీరు అనకండి.

కానీ వేపచెట్టు గారు, మీరు మొదట ఆదాయం గురించి మాట్లాడారు, తర్వాత బాకీ గురించి, ఇప్పుడు నా చదువు నాది కాదంటున్నారు. మీరు నా దగ్గర అడుగుతున్నది పన్ను అనిపించుకోదు, అది నా మీద హక్కు. నేను ప్రజల ఆస్తిని, ఎవరు పిలిస్తే వాళ్లకు జవాబు చెప్పాలి, ఎంత అలసినా మర్యాదగా ఉండాలి, ఎందుకంటే నాకు డబ్బిస్తున్నారు కాబట్టి. దీనికి నేను ఒప్పుకోను. ఎంత జీతమిచ్చినా ఒప్పుకోను. నేను పని అమ్ముతున్నాను. నన్ను అమ్ముకోవడం లేదు. ఆ గాయం ఉన్న మనిషికి నేను బాకీ ఉన్నాను, నిజం. దాన్ని ఇన్నేళ్లుగా, ఆయనలాంటి వాళ్ల ఒంటి మీద వంకర లేని కుట్టు వేస్తూ తీరుస్తున్నాను. నా దగ్గర పన్ను తీసుకుని మీరు ఖజానాలో వేస్తే అది రోడ్లకు పోతుందో, ఇంకో దేనికి పోతుందో. ఆ మనిషికి ఒక్క పైసా చేరదు.

వేపచెట్టు

ఇప్పుడు సూటిగా మాట్లాడారు. నేనూ సూటిగా చెబుతాను. అవును, మీ చదువు మీ ఒక్కరిదే అని నేను అనుకోను. మీకు మా మీద ఉన్న అధికారం ఇంకే వృత్తికీ లేదు. లాయరు నన్ను మత్తులో పడుకోబెట్టి కోయలేడు. అంత అధికారం ఇచ్చినప్పుడు జవాబు చెప్పే బాధ్యత కూడా దానితోపాటే రావాలి. నాన్న ఎలాగూ పోయేవాడేమో. ఆయన పోతున్నాడని ఎవరైనా కూర్చుని చెప్పి ఉంటే ఆ రాత్రి మా అమ్మ లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకునేది. బిల్లు ఇంకా రెండింతలైనా కట్టేవాణ్ణి.

గుమ్మం

అయితే మీ గొడవ జీతం గురించి కాదు. చెల్లించే పద్ధతి గురించి. బిల్లులో వరుసకు ఇంత అని ఇస్తే వరుసలు పెరుగుతాయి. అమెరికాలో మెడికేర్ 1992లో డాక్టర్ల చెల్లింపు పద్ధతి మార్చింది. హార్వర్డ్‌లో విలియం షియావో బృందం చేసిన పని దానికి ఆధారం. రోగితో మాట్లాడటానికి, ఆలోచించి నిర్ణయం తీసుకోవడానికి పట్టే శ్రమకు విలువ కట్టాలన్నది అందులో ముఖ్య ఉద్దేశం. అయినా ఇప్పటికీ అక్కడ ఆపరేషన్లు, ప్రొసీజర్లు చేసే స్పెషలిస్టులు కుటుంబ వైద్యుల కంటే చాలా ఎక్కువ సంపాదిస్తారు. అదే దేశంలో మేయో క్లినిక్ తన డాక్టర్లకు జీతమే ఇస్తుంది, ఎన్ని ఆపరేషన్లు చేశారన్న లెక్క మీద కాదు. ఎక్కువ మందిని చూసినందుకు ఎక్కువ రాదు, ఒకరి దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే పోయేదీ లేదు.

రాత్రిడ్యూటీ

దీనికి నేను సిద్ధం. చాలామంది డాక్టర్లు సిద్ధమే. నాకు స్థిరమైన జీతం ఇవ్వండి. రోజుకు ఇంతమందినే చూడాలని హద్దు పెట్టండి. రోగి మనుషులతో కూర్చుని మాట్లాడిన సమయాన్ని పని కింద లెక్కేయండి. ఇప్పుడు అది ఎవరి లెక్కలోనూ లేదు, నేను మాట్లాడిన ప్రతి పావుగంటా వరండాలో ఇంకొకరు ఎదురుచూసే పావుగంట. ఆ జీతం మీద, అంతే ఆదాయం ఉన్న ఎవరైనా కట్టే పన్ను కడతాను. ఒక్క శాతం కూడా ఎక్కువ కట్టను.

వేపచెట్టు

చావు కబురు మనిషిలా చెప్పడాన్ని కూడా లెక్కలో వేసి విడిగా చెల్లించాలనడం దగ్గరే నాకు మింగుడు పడటం లేదు. అది వైద్యంలో భాగం కాదా?

రాత్రిడ్యూటీ

భాగమే. అందుకే దానికి సమయం కేటాయించమంటున్నాను. సమయం ఇవ్వకుండా మంచితనం మాత్రం ఇమ్మంటే ఎవరూ ఎక్కువకాలం ఇవ్వలేరు. మొదటి ఏడాది ఇస్తారు, పదో ఏడాదికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దాటిపోతారు.

నర్సమ్మకూతురు

ఆ సమయం ఇప్పటికే ఒకరు ఇస్తున్నారు. డాక్టరు దాటిపోయాక వరండాలోకి వచ్చి "అమ్మా, కాస్త గట్టిగా ఉండండి" అని చెప్పేది మా అమ్మలాంటి వాళ్లు. చెప్పకూడదని రూల్ ఉన్నా చెప్పేది, అందుకు ఒకసారి మెమో కూడా తీసుకుంది. ఆ పని డాక్టరు చేస్తే సమయం, జీతం. నర్సు చేస్తే రూల్ తప్పినట్టు. దీనికి రాత్రిడ్యూటీ గారు ఏమంటారు?

లెక్కలమనిషి

సగటు ఆదాయం మీద పన్ను గురించి నేనడిగినదానికి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. స్థిరమైన జీతం పెట్టినా ఆలస్యంగా మొదలైన సంవత్సరాల సమస్య అలాగే ఉంటుంది.

రాత్రిడ్యూటీ

నర్సమ్మకూతురు గారు, మీ అమ్మగారికి మెమో ఇచ్చింది తప్పు. రోగి మనుషులతో మాట్లాడే అధికారం నర్సులకు ఉండాలి, దానికి తగ్గ జీతమూ ఉండాలి. అందుకోసం నాలాంటివాళ్ల జీతం కొన్నేళ్లు పెరగకుండా ఆపుతామంటే నేను సంతకం పెడతాను. అదే డబ్బు నా దగ్గర పన్నుగా తీసి ఖజానాలో కలుపుతామంటే పెట్టను. వేపచెట్టు గారు, దీనికి మీరు ఒప్పుకుంటారా?

వేపచెట్టు

నర్సుల వరకు ఒప్పుకుంటాను. ఖజానా సంగతి ఒప్పుకోను. మీ చేతి వణుకు పోయేదాకా చెయ్యి చాపి కూర్చున్న ఆ మనిషి వచ్చిన ఆస్పత్రి ఆ ఖజానా డబ్బుతోనే నడుస్తోంది. రేపు ఇంకో కొత్త డాక్టరు మొదటి కుట్టు వేసేది కూడా అక్కడే.